మునేటి మేట మీద సమితి మనిషి

మా బావ సమాధి రాయి మీద ‘సమితి ఉద్యోగి’ అని చెక్కించారు. చెక్కించినవాళ్ళు మంచివాళ్ళే, ఆయనంటే ప్రేమ ఉన్నవాళ్ళే. కానీ ఆ రాయి చదివిన ప్రతివాడూ ఆయన నందిగామ పంచాయతీ సమితిలో బంట్రోతుగానో గుమాస్తాగానో చేసి పోయాడనుకుంటాడు. ఇది ఆ సమితి కాదు నాయనా అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. చెబితే మాత్రం వింటారా? “ఏదో ఒక సమితేగా టీచరుగారూ” అంటారు. ఒళ్ళు మండి ఇది రాయడానికి కూర్చున్నాను.

నా పేరు లూర్దమ్మ. నందిగామలో టీచరుగా చేసి రిటైరయ్యాను. సొలొమోను మా అక్క ఆరోగ్యమ్మ భర్త. మా ఊరు ఎర్రమెట్టపాలెం, వత్సవాయి నుంచి మునేటి వైపు నడిస్తే వస్తుంది. ఊళ్ళో రైతులు, ఏటి వైపు పల్లెలో మేము. మావాళ్ళంతా కూలికి పోయేవాళ్ళు, ఆదివారం గుడికి పోయేవాళ్ళు, మిగతా రోజుల్లో ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవాళ్ళు.

మునేరు ప్రతి వరదకీ ఇసుకా ఒండ్రూ తెచ్చి ఒడ్డున మేట వేస్తుంది. నీళ్ళు తగ్గాక ఆ మేట మీద పుచ్చపాదులు పెడితే తియ్యటి కాయ కాస్తుంది. గొడవంతా అక్కడే. ఏరు కుదురుగా ఉండదు కదా. ఒక ఏడు మేటని మా పల్లె వైపు వేస్తుంది, ఇంకో ఏడు ఊళ్ళో పెద్దరైతు పొలం గట్టుకి ఆనించి వేస్తుంది. మా వైపు పడ్డప్పుడు మాదంటాం, వాళ్ళ వైపు పడ్డప్పుడు వాళ్ళదంటారు. మధ్యలో పడ్డ ఏడు తలకాయలు పగులుతాయి.

యాభై నాలుగులో అలా మధ్యలో పడింది. సొలొమోను నాన్న పాదుల్లో కూర్చుని కాయ కోస్తుంటే పెద్దరైతు మనుషులు గుత్పలు పట్టుకుని వచ్చారు. గుత్ప అంటే చివర ఇనప పొన్ను వేసిన దుడ్డుకర్ర. అందరికన్నా ముందున్నవాడు రత్తయ్య, పరిటాల వైపు నుంచి తెచ్చుకున్న కిరాయి మనిషి. అప్పటికి వాడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ముసలాయన లేవబోయేలోగా నడినెత్తిన వేశాడు. కపాలం పగిలి ఒక కన్ను బయటికొచ్చింది. తొక్కుడు పడ్డ కాయల గుజ్జూ ఆయన నెత్తురూ కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా ఉందని, ఆ శవాన్ని కడిగిన పున్నమ్మత్త చాలా ఏళ్ళు చెప్పేది. పున్నమ్మత్త సొలొమోను తల్లి. ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్ళూ పుచ్చకాయ ముట్టలేదు.

సొలొమోను ఏటికి అవతల ఉన్నాడు. కేకలు విని నీళ్ళకి అడ్డం పడి వచ్చాడు. రత్తయ్యని జుట్టు పట్టుకుని పడేసి, రాయి తీసుకుని దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఒడ్డున ఉన్న ఆడవాళ్ళకి వినపడిందట. మళ్ళీ అక్కడే కొట్టాడు. ఆ తర్వాత వాడి తల నీళ్ళలో ముంచి మెడ మీద మోకాలు పెట్టాడు. మావాళ్ళే మీద పడి లాగితే గానీ వదల్లేదు. రత్తయ్య బతికాడు గానీ దవడ వంకరగా అతుక్కుంది, మాట ముద్దయింది. హత్య కేసులో పెద్దరైతుకి భయపడి సాక్ష్యం చెప్పేవాడు లేక వాడు బయటపడ్డాడు. పెద్దరైతు మనుషులు మాత్రం సొలొమోను మీద కత్తి కట్టారు.

పున్నమ్మత్త ఏడుపు ఆపి కొడుకుని ఎదురుగా నిలబెట్టుకుంది.

“ఈడే ఉంటే నువ్వు వాణ్ణి చంపుతావు, లేకపోతే వాళ్ళు నిన్ను చంపుతారు. చంపడమే నీ పనైతే జీతమిచ్చే చోటికి పోరా” అంది.

అలా మా బావ బెజవాడ పోయి పటాలంలో చేరాడు. మద్రాసు రెజిమెంటు అన్నారు. రెండేళ్ళ తర్వాత సెలవులో వచ్చి మా అక్కని చేసుకున్నాడు. నాకు ఆయనంటే అప్పట్లో భయం. చేతులు చాటల్లా ఉండేవి. “ఆ చేతుల్తో అన్నం తింటావా బావా, చెరువు తవ్వుతావా?” అని దూరం నుంచే అని పారిపోయేదాన్ని. ఆయన కోపగించుకునేవాడు కాదు, అరచేతులు తిప్పి చూసుకునేవాడు.

అరవై రెండులో ఆయన్ని కాంగో పంపించారు. ఆఫ్రికాలో ఉంది ఆ దేశం. తెల్లవాళ్ళు వదిలిపోయాక ముక్కలై తన్నుకుంటోంది. ఐక్యరాజ్య సమితి తరఫున నీలం టోపీ పెట్టుకుని, తన్నుకునేవాళ్ళ మధ్య నిలబడటం మనవాళ్ళ పని. ఎదుటివాడు తమ మీద కాలిస్తే తప్ప తాము కాల్చకూడదు. ఈ మాట విని మా తమ్ముడు ఏసురత్నం పడీపడీ నవ్వాడు. మా ముగ్గురిలో చివరివాడు, ముక్కు మీద కోపం వాడికి. మా అమ్మ పోయాక అక్కే వాణ్ణి పెంచింది.

“తుపాకిచ్చి కాల్చొద్దంటే అదేం ఉజ్జోగం బావా? దానికంటే గొడ్లు కాసుకోవచ్చుగా” అన్నాడు.

బావ అరవై మూడు చివర్లో తిరిగొచ్చాడు. ఎడమ భుజం పైకి లేవదు. ఆ కారణంగానే పటాలం నుంచి పంపించేశారు. ఏమైందంటే మాట దాటేసేవాడు. ఒకనాడు మా అక్క ఆ మచ్చ మీద వేలు పెట్టి, చెప్పకపోతే ఊరుకోనని కూర్చుంటే అందరి ముందూ చెప్పాడు.

అక్కడ ఒక పట్నంలో, రెండు తెగల వీధుల మధ్య రోడ్డు మీద ఖాళీ పీపాలు పేర్చి బావవాళ్ళని కాపలా పెట్టారు. ఒకరోజు పట్టపగలు ఒక మనిషి పీపాల వైపు పరిగెత్తుకొస్తున్నాడు. వెనక గుంపు, చేతుల్లో చెరుకు నరికే కత్తుల్లాంటివి. అతను పీపాలు అందుకోబోయే ముందు పడిపోయాడు. బావ తుపాకి ఎక్కుపెట్టే ఉన్నాడు. కానీ గుంపు తనమీదికి రాలేదు, కనక కాల్చడానికి లేదు. వాళ్ళు ముందు ఆ మనిషి కాళ్ళు నరికారు. తర్వాత చేతులు. నరుకుతున్నంతసేపూ అతను బావ మొహంలోకే చూస్తూ ఏదో అంటున్నాడు, ఆ భాష బావకి రాదు.

“కాల్చమని పైనించి కబురొచ్చేసరికి నరకడానికి ఏం మిగల్లా” అన్నాడు బావ. మా అక్క చెవులు మూసుకుంది.

కొన్నాళ్ళకి మళ్ళీ అదే చోట అదే పని. ఈసారి బిడ్డని చంకనేసుకున్న ఆడమనిషి. బావ తుపాకి పక్కవాడి చేతిలో పెట్టి, పీపాలు దాటి, ఆమెకీ గుంపుకీ మధ్య చేతులు చాపి నిలబడ్డాడు. గుంపు ఆగింది. ముందున్నవాడు మాత్రం ఆగకుండా కత్తి దించాడు. భుజం ఎముక దాకా తెగింది. ఆ సందులో ఆమె పీపాలు దాటేసింది. తుపాకి వదిలినందుకు ఆఫీసరు శిక్ష వేశాడు. తర్వాత ఆస్పత్రికొచ్చి, పక్కన కూర్చుని తనే రొట్టె తినిపించాడు.

“మరి ఎందుకాగార్రా ఆళ్ళు?” అంది పున్నమ్మత్త.

“పిచ్చోడనుకున్నారేమోనే. ఒట్టి చేతుల్తో ఎదురుపోతే మనిషి కాసేపు ఆలోచనలో పడతాడమ్మా. ఆ కాసేపు చాలు.”

ఆ రోజు కృష్ణయ్య మాస్టారు కూడా మా అరుగు మీదే ఉన్నారు. మా అందరికీ అక్షరాలు దిద్దించిన మనిషి, ఊరు విడిచి ఎక్కడికీ పోకపోయినా లోకం సంగతులన్నీ నోటికి చెప్పేవారు.

“ఈ సమితికి ముందు ఇంకోటుండేది. నానాజాతి సమితి. మొదటి యుద్ధం అయ్యాక పెట్టారు” అన్నారాయన.

పున్నమ్మత్త చేటలో బియ్యం ఏరడం ఆపింది. “నానాజాతులా? అంటే అన్ని కులాలోళ్ళూ ఒకే చాప మీద కూచునేదా?”

“ఒక రకంగా అంతేనమ్మా.”

“అయితే అది చావక ఏం బతుకుద్దిలే మాస్టారూ!”

అందరికంటే మాస్టారే ఎక్కువ నవ్వారు. నవ్వి కళ్ళు తుడుచుకుని, “చచ్చిందమ్మా, నిజమే. బలిసినవాడు బక్కవాడి మీద పడితే తప్పు తప్పు అని తీర్మానం చదివారు, అడ్డం పోయి నిలబడే మనిషిని మాత్రం పంపలేకపోయారు. అందుకే రెండో యుద్ధం వచ్చింది. కానీ ఊరికే పోలేదు. బడిలో పిల్లలు తాగే పాలపొడి, గోడలకి దోమలమందు కొట్టే మనుషులు, కూలోడితో ఇన్ని గంటలే పని చేయించాలనే చట్టం, అన్నిటికీ అది వేసిన దారే. ఇదుగో, మన సొలొమోను కూడా ఆ దారినే పోయొచ్చాడు” అన్నారు.

“కూలోడికి గంటల చట్టమా? మన ఊరు ఎప్పుడొచ్చుద్దంట మాస్టారూ?” అన్నాడు ఏసురత్నం.

అరవై అయిదు వేసవిలో మేట మళ్ళీ మధ్యలో పడింది. మావాళ్ళు పాదులు పెట్టారు. కాయ తయారయ్యే వేళకి పెద్దరైతు కొడుకు భవానీప్రసాద్ మనుషుల్ని పంపాడు. బెజవాడలో బి.ఏ. చదివిన అబ్బాయి, నలగని చొక్కా వేసుకుని నలుగురి చేత తన్నించే రకం. మా వైపు ఏసురత్నమూ కుర్రాళ్ళూ బరిసెలు తీశారు. బరిసె వెదురుకి ఇనప మొన బిగించిన ఈటె, అడవిపందుల కోసమని చూరులో పెట్టుకుంటారు. పందులు మా ఊరొచ్చి ఎన్నేళ్ళయిందో దేవుడికి తెలుసు.

బావ ఎండకి ఆ పాత నీలం టోపీ పెట్టుకుని మిరపచేలోంచి వస్తున్నాడు. ఇటు మావాళ్ళు, అటు వాళ్ళు, మధ్యలో ఇసుక. నేరుగా పోయి మధ్యలో నిలబడ్డాడు.

“ఎవడ్రా నువ్వు?” అన్నాడు జి.కొండూరు నుంచి వచ్చిన కొత్త కిరాయివాడు.

“సమితిలో పనిచేసొచ్చినోణ్ణి. ఆగండి, ముందు మాట్లాడుకుందాం” అన్నాడు బావ.

అంతే. వాళ్ళ గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. మా ఊళ్ళకి పంచాయతీ సమితులు అప్పటికింకా కొత్త. సమితి అంటే జీపు, బీడీవో, ఎరువుల పర్మిట్టు, ఆ వెనకే పోలీసు. సమితి మనిషి మీద చెయ్యేస్తే సర్కారు మీద చెయ్యేసినట్టేనని ఒకడన్నాడు. టోపీ చూడండ్రా, సర్కారు రంగేనని ఇంకొకడన్నాడు. గుత్పలు చంకన పెట్టుకుని వెనక్కి పోయారు. మేము ఇళ్ళకొచ్చి కడుపులు పట్టుకుని నవ్వాం. అప్పటినుంచీ ఆయన ‘సమితి సొలొమోను’ అయ్యాడు.

బావ ఒక్కడే నవ్వలేదు. “వాళ్ళు పొరపాటు పడ్డట్టుందే. పోయి చెప్పొస్తా” అన్నాడు అక్కతో.

“చెప్పావంటే రేపట్నించి నీకు కూడుండదు” అంది మా అక్క. ఆయన తిండికి భయపడ్డాడో అక్కకి భయపడ్డాడో గానీ పోలేదు.

ఆ పొరపాటు మా పల్లెని రెండేళ్ళు కాపాడింది. ఎక్కడ కర్ర లేచినా బావ పోయి నిలబడేవాడు, కర్ర దిగేది. కాకపోతే మావాళ్ళకి ఒకటి మింగుడుపడేది కాదు. ఆయన వాళ్ళని ఆపినట్టే మమ్మల్నీ ఆపేవాడు. మేట కొలిపిద్దాం, తాసిల్దారుని పిలిపించి రాళ్ళు పాతిద్దాం, అప్పటిదాకా ఎవరూ కొయ్యొద్దు అనేవాడు. కాయ కుళ్ళిపోయినా సరేనా అంటే సరేననేవాడు. ఏసురత్నానికి అది విని ఒళ్ళు మండిపోయేది. నాకూ మండేది.

అరవై ఏడు వేసవి సెలవులకి నేను ఊళ్ళో ఉన్నాను. పొద్దున్నే కాయ కోతకని మావాళ్ళు మేట మీదికి దిగారు. అవతలి గట్టు మీద మోటారుసైకిలు ఆగింది. భవానీప్రసాద్ దిగాడు. వెనక మనుషులు ముందటికంటే ఎక్కువ, వాళ్ళ ముందు రత్తయ్య. పదమూడేళ్ళ తర్వాత వాణ్ణి చూడటం. వంకర దవడ మీద గడ్డం పెంచాడు, అయినా దాగలేదు.

ఈసారి మావాళ్ళు కూడా తయారుగానే ఉన్నారు. బరిసెలు పాదుల ఆకుల కింద ఉన్నాయి. ఆడవాళ్ళం ఒడ్డున నిలబడ్డాం. నా కొంగులో కారం మూట ఉంది. కళ్ళలో కొట్టడానికే తెచ్చాను, దేవుడికి పెట్టడానికి కాదు.

బావ మధ్యలోకి నడిచాడు.

“ఒరేయ్ సొలొమోనూ, నందిగామ పోయి అడిగొచ్చా. నీ పేరుగల బంట్రోతు కూడా లేడంట అక్కడ. ఏ సమితిరా నీది?” అని గట్టు మీద నుంచి అరిచాడు భవానీప్రసాద్.

“ఐక్యరాజ్య సమితండి.”

“అదెక్కడుంది?”

“న్యూయార్కులోనండి, అమెరికాలో.”

అవతలి గుంపంతా గొల్లుమంది. మా వైపు నుంచి కూడా ఎవరో నవ్వారు.

“మరి నిన్ను నరుకుతుంటే వాళ్ళొస్తారంటావా?”

“రారండి. మన సంగతి వాళ్ళకి తెలవదు. అందుకే నేనొచ్చా” అన్నాడు బావ. హేళన కాదు, అడిగిన దానికి జవాబు. “తాసిల్దారు వచ్చి కొలిచిందాకా మీరూ కొయ్యొద్దు, మావాళ్ళూ కొయ్యరు. మావాళ్ళకీ చెప్తా.”

“బావా!” అని కేకేశాడు ఏసురత్నం. “మీ అయ్యని చంపినోడు ఎదురుగా ఉంటే వాడికి కాపలా కాస్తావేంది? మగాడివేనా నువ్వు?”

బావ వాడి వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. గట్టు మీద నుంచి భవానీప్రసాద్ చెయ్యూపాడు. రత్తయ్య గుత్ప లేచింది.

మొదటి దెబ్బ కుడి మోచేతి మీద పడింది. చెయ్యి విరిగి వేలాడింది. బావ పడ్డాడు, మోకాళ్ళ మీద లేచి మళ్ళీ నిలబడ్డాడు. రెండో దెబ్బ పక్కటెముకల మీద. నెత్తురు కక్కుకుంటూ పడ్డాడు. మా అక్క “ఓ దేవుడో” అని అరుస్తూ ఏట్లోకి పరిగెత్తింది. ఆయన మళ్ళీ లేచాడు. పోట్లాటకి లేచినట్టు లేవలేదు, తప్పిపోయిన వస్తువు కోసం వంగి లేచినట్టు మెల్లిగా లేచి, మళ్ళీ అదే చోట నిలబడ్డాడు. ఆ పెద్ద చేతుల్లో ఒకటి విరిగింది, ఒకటి ఎత్తలేడు. అవతలి గుంపులో నవ్వులు ఆగిపోయాయి. రత్తయ్య గుత్ప ఎత్తి పట్టుకున్నాడు, దించలేదు.

“కొట్టరా, ఆగావేం?” అని గట్టు మీద నుంచి కేక. రత్తయ్య చెయ్యి గాల్లోనే ఉంది. ఆ మాత్రం సేపు ఇంకాస్త దొరికితే ఆ రోజు అక్కడితో పోయేది.

ఏసురత్నం ఆకుల కిందనుంచి బరిసె లాగి పరిగెత్తాడు. పక్కనుంచి, రత్తయ్య డొక్కకి గురిపెట్టి. రత్తయ్య వాణ్ణి చూడలేదు. బావ చూశాడు. తూలుతూ రెండడుగులు పక్కకి వేసి, రత్తయ్యకి వీపు పెట్టి, మా తమ్ముడికి ఎదురు తిరిగాడు. బరిసె రొమ్ము కింద దిగి వీపున తేలింది.

మేట మీద ఎవరూ కదల్లేదు. వాడి చేతిలో బరిసె అలాగే ఉంది, దాని రెండో కొసన బావ ఉన్నాడు. బావ ఏసురత్నం వైపు చూస్తూ మెల్లిగా కూర్చోబోయాడు. రత్తయ్య గుత్ప పడేసి వెనకనుంచి ఆయన్ని చంకల కింద పట్టుకున్నాడు. వాడూ ఏసురత్నమూ కలిసే ఆయన్ని ఎడ్లబండిలో వేశారు. భవానీప్రసాద్ మోటారుసైకిలు అప్పటికే చప్పుడు చేసుకుంటూ పోయింది. జగ్గయ్యపేట ఆస్పత్రికి చేరకముందే బండిలో, మా అక్క ఒళ్ళో బావ పోయాడు.

ఆస్పత్రి వరండాలో ఎస్.ఐ. నోట్‌బుక్ తీసి “పొడిచిందెవరు?” అన్నాడు. బండి వెనకే వచ్చిన మా పల్లె మొత్తం ఒక్క గొంతుతో “రత్తయ్య” అంది. నేనూ అన్నాను. బండితో పాటే వచ్చిన రత్తయ్య బట్టల నిండా బావ నెత్తురే ఉంది. తండ్రిని చంపినవాడు కొడుకునీ చంపాడంటే నమ్మనివాడెవడు? వాడు పోయి పోలీసుల పక్కన నిలబడ్డాడు. మా తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఎవరేమంటున్నారో వాడికి వినపడుతున్నట్టు లేదు.

మా అక్క లోపల్నుంచి వచ్చింది.

“పొడిచింది మా తమ్ముడండి. పొడవబోయింది ఈయన్ని కాదు, ఆ రత్తయ్యని. ఈయన అడ్డం పోయాడు. రాసుకోండి.”

నేను అక్క రెక్క పట్టుకుని లాగాను. “మొగుడెటూ పోయాడు, తమ్ముణ్ణి కూడా పోగొట్టుకుంటావంటే నీకు బుద్ధుందా?” అన్నాను, పోలీసుల ముందే.

“రత్తయ్యని పట్టిస్తే ఆళ్ళోళ్ళు మళ్ళీ వస్తారు. మనోళ్ళు మళ్ళీ పోతారు. మీ బావ ఊరికే చచ్చిపోయినట్టవుద్దే” అంది. గొంతు పెంచలేదు. నేనైతే ఆ మాట చెప్పేదాన్ని కాదు. ఇవాళ అడిగినా చెప్పనంటాను. మా అక్క నాలాంటిది కాదు.

పల్లెలో ఆమెతో చాలామంది మాట్లాడటం మానేశారు. తమ్ముణ్ణి అమ్ముకుందన్నారు. కోర్టులో మా వకీలు ఆశ వదిలేసుకున్న రోజున రత్తయ్య సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. తనే ముందు కొట్టానని, ఒట్టి చేతులవాణ్ణి విరగ్గొట్టానని, అది చూసి ఆ కుర్రాడు తట్టుకోలేకపోయాడని ఆ ముద్దమాటలతోనే చెప్పాడు. జడ్జీ రెండోసారి చెప్పమంటే పదమూడేళ్ళ కిందటి సంగతి కూడా చెప్పేశాడు. ఏసురత్నానికి ఉరి పడుతుందనుకున్నది కొన్నేళ్ళ జైలుతో పోయింది. రత్తయ్యకీ జైలు పడింది. భవానీప్రసాద్‌కి ఏమీ పడలేదు, అలాంటివాళ్ళకి ఎప్పుడు పడింది గనక?

తాసిల్దారు వచ్చి రాళ్ళు పాతించాడు. మరుసటి వరదకి మేట పక్కకి జరిగింది. ఈసారి రెండు వైపుల మనుషులూ తాడు పట్టుకుని దిగి కొలుచుకున్నారు. అమ్మా ఆలీ తిట్టుకుంటూనే కొలిచారు, కానీ కొలిచారు. ఆ తర్వాత అక్కడ ఎవరి తలా పగల్లేదు.

ఏసురత్నాన్ని రాజమండ్రి జైలుకి పంపారు. మా అక్క చూడటానికి పోయిన ప్రతిసారీ వాడు రానని కబురు పంపేవాడు. ఆమె సాయంత్రం దాకా గేటు దగ్గర కూర్చుని, తీసుకుపోయిన పచ్చడి సీసా జవాను చేతికిచ్చి తిరిగొచ్చేది. నేను వెంటపోయిన రోజున మాత్రం వచ్చాడు. చిక్కిపోయాడు. కమ్మీల అవతల నిలబడ్డాడు. అక్క ముఖం చూడలేదు.

“అక్కా, ఒక్కటి చెప్పు. వాణ్ణి కాపాడ్డానికి అడ్డమొచ్చాడా బావ?” అన్నాడు.

“వాణ్ణి కాదురా” అంది అక్క.

“మరి?”

“బండిలో నీ పేరే పలికాడు. రత్నం చేత్తో మనిషి చావకూడదే, ఆ తర్వాత వాడు నిద్రపోలేడు, నాకు తెలుసు అన్నాడు. తను చచ్చిపోతున్నాడని ఆయనకింకా తెలవదు.”

ఏసురత్నం కమ్మీలు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. అక్క కూడా ఇటు వైపు నేల మీద కూర్చుని, సందులోంచి చెయ్యి పెట్టి వాడి తల నిమిరింది.